గర్భాశయ మార్పిడి – ట్రాన్స్ మహిళల గర్భధారణ

గర్భసంచి లేకుండా పుట్టిన స్త్రీకి, జబ్బు వల్ల దాన్ని కోల్పోయిన స్త్రీకి మరొకరి గర్భసంచిని అమర్చే శస్త్రచికిత్స గర్భాశయ మార్పిడి. మార్పిడి చేసిన కిడ్నీలా ఆ గర్భసంచి జీవితాంతం ఉండాల్సింది కాదు. ఒకటి రెండు కాన్పులయ్యాక తీసేస్తారు. దాంతో, శరీరం దాన్ని తిప్పికొట్టకుండా వాడే మందుల అవసరమూ తీరిపోతుంది.

ఈ చరిత్ర మొదలైందే ఒక ట్రాన్స్ మహిళతో. డెన్మార్క్ చిత్రకారిణి లిలీ ఎల్బే 1930లో జర్మనీ వెళ్లి వరుసగా శస్త్రచికిత్సలు చేయించుకున్నారు. తల్లి కావాలన్నది ఆమె ఆశ. 1931లో డ్రెస్డెన్‌లో వైద్యుడు కుర్ట్ వార్నెక్రోస్ ఆమెకు గర్భసంచి అమర్చాడని కథనాలు చెబుతాయి. పరాయి అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఆపే మందులు అప్పటికి లేవు. పెన్సిలిన్ కూడా రోగులకు అందలేదు. సెప్టెంబరు 13న ఆమె కన్నుమూశారు.

దాదాపు 70 ఏళ్ల తర్వాత, 2000లో, జెడ్డాలో ఒక యువతికి అమర్చిన గర్భసంచిని రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టడంతో 99 రోజులకే తీసేయాల్సి వచ్చింది. అసలు విజయం స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌ది. మాట్స్ బ్రాన్‌స్ట్రోమ్ బృందం చేసిన మార్పిడితో 2014 సెప్టెంబరులో మొదటి బిడ్డ పుట్టాడు. దాత వయసు 61 ఏళ్లు. మన దేశంలో 2017లో పుణెలో శైలేష్ పుంతాంబేకర్ బృందం ఒక తల్లి గర్భసంచిని కూతురికి అమర్చింది. ఏ సంచిలో తాను పెరిగిందో ఆ సంచిలోనే బిడ్డను మోసి, 2018 అక్టోబరులో ఆ కూతురు తల్లయింది.

ఈ విజయాల్లో ట్రాన్స్ మహిళలకు చోటు దక్కలేదు. 2012లో రూపొందిన మాంట్రియల్ నైతిక ప్రమాణాలు ఈ చికిత్సను జన్యుపరంగా స్త్రీలైన వారికే పరిమితం చేశాయి. 2017లో అమెరికా పునరుత్పత్తి వైద్య సంఘం అధ్యక్షుడు రిచర్డ్ పాల్సన్ మాత్రం ట్రాన్స్ మహిళలకూ ఇది సాధ్యమేనని బహిరంగంగా చెప్పారు. ఈ పద్ధతిలో ట్రాన్స్ మహిళ బిడ్డను కన్నట్టు వైద్య సాహిత్యంలో ఇంతవరకు నమోదు కాలేదు.

అడ్డంకులు నిజమైనవే, కానీ అన్నీ కొత్తవి కావు. అండాశయాలు పనిచేయని స్త్రీలు బయటి నుంచి అందించిన ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్‌లతో, దాత అండంతో ఇప్పటికే బిడ్డల్ని కంటున్నారు. కటి ఎముక ఇరుకన్న అభ్యంతరానికీ బలం తక్కువ, ఎందుకంటే ఈ కాన్పులు సాధారణంగా సిజేరియన్లే. అమర్చిన సంచికి నరాలు కలపరు కాబట్టి ఆ తల్లులకు పురిటినొప్పులు మామూలుగా తెలియవు కూడా. అసలు కష్టం మరోచోట ఉంది. పురుష దేహంతో పుట్టిన వారి కటిలో గర్భసంచి కోసం ఏర్పడిన రక్తనాళాలు, దాన్ని పట్టి ఉంచే బంధకాలు (లిగమెంట్లు) ఉండవు, వాటిని కొత్తగా కుదర్చాలి. శస్త్రచికిత్సతో ఏర్పరచిన యోని చర్మంతో తయారైనదైతే అక్కడ మేలు చేసే సూక్ష్మజీవులు తగినంత ఉండవు, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. బిడ్డ జన్యుపరంగా తన సంతానమే కావాలనుకుంటే, హార్మోన్ చికిత్సకు ముందే వీర్యాన్ని శీతలీకరించి దాచుకోవాలి.

గర్భసంచి దాతల కొరత తీర్చేందుకు కొందరు వైద్యులు ఒక దారి సూచించారు. ట్రాన్స్ పురుషులు తమ చికిత్సలో భాగంగా తీయించుకునే ఆరోగ్యకరమైన గర్భసంచులను, వారు ఇష్టపడి ఇస్తే, దానంగా స్వీకరించవచ్చన్నది ఆ సూచన.