బోరు మోటారు, సోలార్ పంపు, కంచె: ఏది ఏసీ, ఏది డీసీ తెలుసుకోండి

నెల్లూరు జిల్లా పశ్చిమాన ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతాల్లో సేద్యం చాలావరకు బోర్ల మీదే ఆధారపడి ఉంది. ఆత్మకూరు వైపు కొన్ని భూములకు సోమశిల నీరు అందినా, కాలువ చేరని చోట మోటారే దిక్కు. ఇప్పుడు ఒకే పొలంలో లైను కరెంటు మోటారు, సోలార్ పలకలు, అడవి పందుల కోసం బ్యాటరీ కంచె ఉండవచ్చు. వీటిలో ప్రవహించే కరెంటు ఒకే రకం కాదు. ఒకదానికి పాటించే జాగ్రత్త మరొకదానికి చాలదు.

ముందుగా మూడు మాటలు

• వోల్టేజి: నీటి ట్యాంకు ఎత్తు లాంటిది. కరెంటును నెట్టే ఒత్తిడి. వోల్టులలో కొలుస్తారు.
• కరెంటు: పైపులో పారే నీటి లాంటిది. ఆంపియర్లలో కొలుస్తారు.
• నిరోధం: పైపు సన్నగా, పొడవుగా ఉన్నకొద్దీ నీటికి కలిగే అడ్డు లాంటిది. ఓములలో కొలుస్తారు.

వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. తడి నేల మీద, తడి చేతులతో ఉన్న మనిషి శరీర నిరోధం సుమారు 1000 ఓములు అనుకుందాం. 230 వోల్టుల తీగ తగిలితే 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీ ఆంపియర్ల కరెంటు ఒంట్లో ప్రవహిస్తుంది. 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకుని పట్టు వదలడం కష్టమవుతుంది. 230 మిల్లీ ఆంపియర్లు గుండెను ఆపగలవు.

డీసీ: ఒకే దిశలో పారే కరెంటు

బ్యాటరీ, సోలార్ పలక ఇచ్చేది డీసీ. దీనికి ప్లస్, మైనస్ ఉంటాయి.

• ఒక పలక ప్లస్‌ను పక్క పలక మైనస్‌కు కలిపితే (సిరీస్) వోల్టేజీలు కూడతాయి. 45 వోల్టుల పలకలు 10 ఇలా కలిపితే 450 వోల్టులు. ఒక పలక మీద చెట్టు నీడ పడినా వరుస మొత్తం ఉత్పత్తి తగ్గుతుంది.
• ప్లస్‌ను ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు కలిపితే (ప్యారలల్) వోల్టేజి మారదు, ఆంపియర్లు కూడతాయి.
• 12 వోల్టుల బ్యాటరీ మామూలుగా షాక్ కొట్టదు. అయితే రెండు కొనల మధ్య స్పానర్ పడితే వందల ఆంపియర్లు పారి కాలిన గాయాలవుతాయి.

ఏసీ: దిశ మారే కరెంటు

లైను కరెంటు ఏసీ. మన దేశంలో ఇది సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది, అంటే సెకనుకు 100 సార్లు సున్నాను దాటుతుంది. సింగిల్ ఫేజ్ 230 వోల్టులు, త్రీ ఫేజ్‌లో రెండు ఫేజుల మధ్య సుమారు 415 వోల్టులు ఉంటాయి.

• మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు గుర్రుమంటూ వేడెక్కి కాలిపోతుంది. స్టార్టర్‌లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ తప్పక ఉండాలి.
• మూడు తీగల్లో ఏ రెండు తారుమారైనా మోటారు వెనక్కి తిరుగుతుంది, నీరు తగ్గుతుంది.
• 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే లైను నుంచి తీసుకునే ఆంపియర్లు తగ్గుతాయి.

లోతు బోరుకు కేబుల్

5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. కేబుల్ 200 మీటర్లు ఉంటే, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో సుమారు 20 వోల్టులు దారిలోనే పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఈ నష్టం 13 వోల్టులకు తగ్గుతుంది. లైనులోనే వోల్టేజి తక్కువగా ఉన్న రోజుల్లో ఈ తేడా వైండింగ్‌ను కాపాడుతుంది.

తాకే ముందు పరీక్ష

• మల్టీమీటర్‌ను డీసీ మీద ఉంచి ఏసీ లైను కొలిస్తే దాదాపు సున్నా చూపిస్తుంది. లైను మాత్రం బతికే ఉంటుంది. ముందు మీటరును సరైన గుర్తు మీదకు తిప్పి, కరెంటు ఉన్న చోట పనిచేస్తోందో లేదో చూసుకోవాలి.
• స్టార్టర్ ఆపితే చాలదు. మెయిన్ స్విచ్ ఆపి ఫ్యూజులు తీసి దగ్గర పెట్టుకోవాలి. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడుస్తుంది.
• సోలార్ పలకలకు పగలు స్విచ్ లేదు. ఎండ ఉన్నంతసేపూ వోల్టేజి ఉంటుంది. పంపు నడుస్తుండగా కనెక్టర్లు లాగకూడదు. డీసీ సున్నాను దాటదు కాబట్టి నిప్పు మెరుపు ఆగకుండా మండుతుంది. డీసీకి తయారైన స్విచ్‌నే వాడాలి.
• సోలార్ కంట్రోలర్ ఆపాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. దాని మీద రాసిన సమయం వరకు ఆగాలి. రాసి లేకపోతే కనీసం 10 నిమిషాలు ఆగాలి.
• మోటారు షెడ్డులో ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ పెట్టించుకోవాలి.

కంచె విషయంలో

సోలార్ కంచె యంత్రం 12 వోల్టుల బ్యాటరీ నుంచి వేల వోల్టుల తాకిడిని పంపుతుంది. అయితే అది సెకనుకు ఒకసారి, సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు మాత్రమే ఉంటుంది. అందుకే జంతువు బెదిరి వెనక్కి పోతుంది, చావదు. లైను తీగను నేరుగా కంచెకు తగిలిస్తే కరెంటు ఆగకుండా పారుతుంది. రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క చేను రైతు, మేత కోసం వచ్చిన పశువు కూడా బలవుతారు. అనుమతి లేకుండా లైనుకు తీగ తగిలించడం విద్యుత్ చట్టం 2003 ప్రకారం చౌర్యం. ప్రాణం పోతే అంతకన్నా పెద్ద కేసు అవుతుంది.

షాక్ తగిలితే

బాధితుణ్ణి చేత్తో పట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపాలి. వీలు కాకపోతే ఎండిన కర్రతో తీగను తప్పించాలి. తెగిపడింది 11 కేవీ లైను అయితే దగ్గరకు పోకుండా 1912కు చెప్పి సరఫరా ఆపించాలి. తర్వాత 108కి ఫోన్ చేయాలి. ట్రాన్స్‌ఫార్మర్, స్తంభం పనులు ఏపీఎస్పీడీసీఎల్ లైన్‌మన్ చేయాల్సినవి. ఫ్యూజు పోయినా సరే, రైతులు వాటి జోలికి పోకూడదు.