నలభై ఫారాలు, అన్నిట్లోనూ "అంతా మంచిదే"

మొన్నటి ఎపిసోడ్‌లో నిద్ర గురించి, తాగుడు గురించి, ఫోన్ ఆటల గురించి మాట్లాడుకున్నాం కదా. టైం అయిపోయి నేను సగంలో ఆపేశాను. వినేవాళ్లు ఇద్దరు ముగ్గురు "అన్నా, ఆ ఫారాల కథ పూర్తిగా చెప్పలేదు" అన్నారు. అందుకే రాస్తున్నా. నేను డాక్టర్‌ని కాను. ఐటీఐ సివిల్ చదివి, పదిహేడేళ్లుగా ఇక్కడ యూఏఈలో సైట్ల మీద ఉన్నవాణ్ణి. నాకు సమజైనంత వరకు చెప్తా.

ముందు నా తప్పు చెప్పాలి.

రెండేళ్ల కింద ఎండాకాలం. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు బయట ఎండలో పని బంద్ అని మీకు తెలుసు. రూల్ మంచిదే. కానీ ఆ గంటలు పూడ్చడానికి డ్యూటీ తెల్లారకముందే మొదలైతది. మూడున్నరకు లేవాలి, నాలుగున్నరకు బస్సు. రాత్రి వంట, స్నానం అయ్యేసరికి తొమ్మిది. ఊర్లో అప్పటికి పదిన్నర. పిల్లలు పడుకోకముందే ఫోన్ చెయ్యాలి. ఇంక నిద్ర ఎక్కడిది?

అలాంటి రోజుల్లో సేఫ్టీ వాళ్లు 40 ఫారాలు ఇచ్చారు. నిద్ర బాగా పడుతోందా, మందు అలవాటుందా, డబ్బులు పెట్టి ఆటలు ఆడతారా, మనసు బాగుందా. పైన పేరు, ఎంప్లాయీ నంబర్, కింద సంతకం. రేపు పొద్దున్నకల్లా కావాలన్నారు. నేను బస్సులో కూర్చుని అడిగాను. "అన్నా, అన్నీ మంచిగనే రాసేయ్" అన్నారు అందరూ. రాసేశాను. ఇరవై నిమిషాల్లో 40 మందికి నిద్ర బాగుంది, ఏ అలవాటూ లేదు.

పదకొండు రోజుల తర్వాత మా షటరింగ్ కార్పెంటర్ ఒక తమ్ముడు, జగిత్యాల దిక్కు పిల్లోడు, స్కాఫోల్డింగ్ మొదటి లెవెల్ నుంచి జారి పడ్డాడు. మణికట్టు విరిగింది. దేవుడి దయ, అంతకంటే పైన లేడు. రూములో పక్కన కూర్చుంటే చెప్పాడు. రెండు నెలలుగా రాత్రికి రెండు మూడు గంటలే నిద్ర. ఫోన్‌లో పేకాట. పోయిన డబ్బులు మళ్లీ రాబట్టాలని ఇంకా ఆట. "మరి మొన్న ఫారంలో చెప్పలేదేంరా?" అంటే, "చెప్తే పంపించేస్తరు కదన్నా" అన్నాడు. ఆ ఫారంలో "నిద్ర బాగుంది" అన్న దగ్గర టిక్కు పెట్టింది నా చెయ్యే.

అప్పటి నుంచి ఒక్కటే ప్రశ్న. ఇలాంటి ఫారాలు ఎవరు కనిపెట్టారు? జనం అబద్ధం చెప్తారని వాళ్లకు తెలియదా? చదివితే తెలిసింది, వందేళ్లుగా వాళ్ల తిప్పలంతా దానితోనే.

సైన్యం కోసం 116 ప్రశ్నలు

మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబుల మోతకు సైనికులు వణికిపోయేవారు, మాట పడిపోయేది, నిద్రపట్టేది కాదు. దాన్ని షెల్ షాక్ అన్నారు. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగినప్పుడు లక్షల మందిని చేర్చుకోవాలి. ఒక్కొక్కరిని కూర్చోబెట్టి మాట్లాడేంత మంది డాక్టర్లు లేరు. అప్పుడు కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ రాబర్ట్ వుడ్‌వర్త్ ఒక కాగితం తయారు చేశాడు. 116 ప్రశ్నలు, ప్రతిదానికీ అవును లేదా కాదు. అందులో నిద్ర గురించి కూడా అడిగాడు. మనం ఈరోజు నింపే ఫారాలకు తాత అదే.

కానీ అది సైన్యంలో వాడకంలోకి వచ్చేలోపే 1918లో యుద్ధం అయిపోయింది. తర్వాత కాలేజీ పిల్లల మీద, ఇతరుల మీద వాడారు. దాంట్లో బొక్క ఎక్కడుందో మనలాంటి వాళ్లకు వెంటనే తెలుస్తది. యుద్ధానికి పోవద్దనుకున్నోడు అన్నిటికీ రోగం ఉన్నట్టు రాస్తాడు. పోవాలనుకున్నోడు ఏమీ లేనట్టు రాస్తాడు. కాగితం ఏం చేస్తుంది?

1943లో అమెరికాలోనే మిన్నెసోటా యూనివర్సిటీలో హాథవే, మెకిన్లీ అనే ఇద్దరు దీనికి ఒక ఉపాయం పెట్టారు. 500కు పైగా వాక్యాలున్న పెద్ద పరీక్ష వాళ్లది. దాని మధ్యలో మామూలు మనిషి ఎవరైనా ఒప్పుకునే చిన్న చిన్న తప్పులు కలిపారు. అప్పుడప్పుడు కోపం రావడం, ఈరోజు పని రేపటికి నెట్టడం లాంటివి. ఇవన్నీ కూడా "నాకు లేవు" అని రాస్తే, మనిషి బాగున్నాడని కాదు, దాస్తున్నాడని అర్థం. ఇది చదివినప్పుడు నాకు సిగ్గేసింది. 40 మందికి ఒక్కటంటే ఒక్క ఇబ్బంది లేదని రాసిన నా ఫారాలు చూసి ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు.

ఎలా అడిగితే చెప్తారు?

1970ల్లో దారి కొంచెం మారింది. మనిషిని పట్టుకోవడం ఎలా అని కాకుండా, ఎలా అడిగితే చెప్పగలుగుతాడు అని ఆలోచించారు.

లండన్‌లో డేవిడ్ గోల్డ్‌బర్గ్ అనే డాక్టర్ 1972లో ఒక ప్రశ్నావళి తెచ్చాడు. మొదట 60 ప్రశ్నలు, తర్వాత 12 ప్రశ్నల చిన్నదే ప్రపంచమంతా పాకింది. అందులో "నీకు జబ్బుందా" అని అడగడు. ఈమధ్య దిగులుతో నిద్ర పోతోందా, ఎప్పటికంటే ఎక్కువా, ఎప్పటిలాగేనా అని అడుగుతాడు. ఇలా అడిగితే చెప్పడం సులువు. కానీ దీంట్లోనూ ఒక లోపం ఉంది. పదేళ్లుగా నిద్ర లేనోడు "ఎప్పటిలాగే" అని టిక్కు పెడతాడు. ఆ టిక్కుకు మార్కు సున్నా. క్యాంపుల్లో ఏళ్లు గడిపిన మనకు ఈ లోపం బాగా తగుల్తది.

నాకు బాగా నచ్చింది మాత్రం జాన్ యూయింగ్ పని. అమెరికాలో నార్త్ కరొలైనా ఆస్పత్రిలో తాగుడు రోగులను చూసే డాక్టర్. 1968లో పెద్ద ప్రశ్నావళి నుంచి ఏరి నాలుగే నాలుగు ప్రశ్నలు మిగిల్చాడు. తాగుడు తగ్గించాలని ఎప్పుడైనా అనిపించిందా? తాగుతున్నావని ఎవరైనా అంటే చిరాకు వచ్చిందా? తప్పు చేస్తున్నానని మనసులో అనిపించిందా? పొద్దున లేవగానే ఒళ్లు కుదురుకోవడానికి తాగిన రోజు ఉందా? రెండింటికి అవును వస్తే ఆగి మాట్లాడాలి. దీన్నే కేజ్ అంటారు.

చూడండి, ఎంత తాగుతావు అని ఎక్కడా అడగలేదు. ఎంత అని అడిగితే మన నోట వచ్చేది ఒక్కటే, "ఎప్పుడో ఒకసారి, పెళ్లికో పబ్బానికో". 1993లో ఇంకో ఇద్దరు డాక్టర్లు పరీక్షించి చూశారు. ముందు ఎంత, ఎన్నిసార్లు అని లెక్కలడిగి తర్వాత ఆ నాలుగూ అడిగితే, తాగుడు సమస్య ఉన్నవాళ్లే చాలామంది దొరకకుండా తప్పించుకున్నారు. ప్రశ్నలు అవే, మనిషి అదే. ముందు అడిగిన తీరుకు మనసు మూసుకుపోయింది.

నిద్రకు కూడా ఇలాంటిదే ఉంది. 1991లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లోని ఎప్‌వర్త్ ఆస్పత్రిలో మర్రే జాన్స్ అనే డాక్టర్ ఎనిమిది సందర్భాలు రాశాడు. టీవీ చూస్తుంటే, మధ్యాహ్నం తిని కూర్చుంటే, గంటసేపు కారులో పక్క సీట్లో ఉంటే కునుకు పడుతుందా? ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 24. 10 దాటితే ఎక్కువ అని లెక్క. మా బస్సులో అడిగితే గంట ప్రయాణానికి అందరికీ 3 వస్తుంది. అయినా ఆ ప్రశ్నకు ఎవరూ అబద్ధం చెప్పరు. కునుకు తియ్యడం తప్పని ఎవరూ అనుకోరు కదా.

మన దగ్గర

మన దేశంలో పెద్ద లెక్క అంటే బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ సర్వే. ఇంటింటికీ పోయి అడిగారు. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉందని తేలింది. తాగుడు సమస్య ఉన్నవాళ్లలో దాదాపు 86 శాతానికి ఏ వైద్యమూ అందట్లేదు. అయితే ఆ సర్వే 12 రాష్ట్రాల్లోనే జరిగింది. వాటిల్లో ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు.

ఉన్నా కూడా కొన్ని ప్రశ్నలు మన ఊళ్లలో పనిచెయ్యవు. "నిద్రమాత్రలు వాడతారా" అని అడిగితే మా దిక్కు ముసలాయన "ఛీ, నాకెందుకు, సాయంత్రం కల్లు తాగుత అంతే" అంటాడు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతోమంది చేతులు వణికి, పిచ్చి చూపులు చూసి ఆస్పత్రుల పాలయ్యారు. ఆ కల్లులో కలిపింది నిద్రమాత్రల మందే. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల ఒంట్లోకి ఏం పోతోందో వాళ్లకే తెలియదు.

ఈ వందేళ్ల కథలో నాకు అర్థమైంది ఇది. ప్రశ్న ఎంత మంచిదైనా, నిజం చెప్తే ఏమైతదో అన్న భయం ఉంటే కాగితం మీద వచ్చేది నిజం కాదు. గల్ఫ్‌లో జూదానికి, మందుకు చట్టం లెక్కలు వేరే. పేరు, నంబర్ రాయించి ఇవి అడిగితే మనోడు ఉద్యోగం గురించి జవాబు చెప్తాడు, నిద్ర గురించి కాదు.

ఈ ఏడు మళ్లీ ఫారాలు వచ్చాయి. పేరు, నంబర్ తీసేయమని ఆఫీసులో అడిగాను. పేరు తీశారు, నంబర్ ఉంచారు. ఈసారి నేను నింపలేదు, ఎవరిది వాళ్లకే ఇచ్చి ఒక రాత్రి టైం ఇచ్చాను. కొందరు నిద్ర దగ్గర ఉన్నదున్నట్టు రాశారు. ఆటల దగ్గర మాత్రం ఒక్కరూ రాయలేదు. అది అడగడానికి ఫారం వద్దని టీ టైంలో పక్కన కూర్చుంటున్నా. "నిన్న ఎన్నింటికి పడుకున్నవ్ రా?" అని మొదలుపెడితే కొందరు చెప్తున్నారు, కొందరు నవ్వి లేచిపోతున్నారు.

ఆ తమ్ముడు మళ్లీ పనిలో ఉన్నాడు. ఆట మానేశానంటున్నాడు. నమ్ముతున్నా, అప్పుడప్పుడు మళ్లీ అడుగుతున్నా.

ఊర్లో మీవాళ్లెవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉంటే 14416 టెలిమానస్ నంబర్ చెప్పండి. ప్రభుత్వానిదే, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. మీ క్యాంపులో ఈ ఫారాలు ఎలా నింపిస్తున్నారో కింద రాయండి. కంపెనీ పేరు వద్దు, మీ పేరు కూడా వద్దు.