పటం మీద గీతలు, మన నివాసాలు

నగరంలో ఏ నేల మీద ఇల్లు కట్టవచ్చు, ఏ నేల మీద కర్మాగారం పెట్టవచ్చు అని నిర్ణయించే అధికారం చాలావరకు పురపాలక సంఘానిదే. ఓటు లేని జనుల మీద ఆ అధికారం ఎట్లు పనిచేసినదో డర్బన్ చరిత్ర మనకు చెప్పుచున్నది.

1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరినది. ఆ ఓడలోను, తరువాతి ఓడలలోను వచ్చిన మన పెద్దలలో పలువురు గిర్మిట్ గడువు తీరిన పిమ్మట నగరపు అంచున, కేటో మానర్ వంటి చోట్ల, నేలను కౌలుకు తీసుకొనిరి; కొందరు కొనుక్కొనిరి. కూరగాయల తోటలు వేసిరి, ఆలయములు కట్టిరి.

1922లో వచ్చిన శాసనము వలన పురపాలక సంఘము తన స్థలములను అమ్మునప్పుడు జాతి షరతు పెట్టుటకు వీలు కలిగెను. 1924లో మరియొక శాసనము భారతీయుల పేర్లు పురపాలక ఓటర్ల జాబితాలో కొత్తగా చేరకుండ అడ్డుకొనెను. 1932లో నగర సరిహద్దులు పెరిగి కేటో మానర్ నగరములో కలిసెను. పన్ను కట్టుట మన వంతు, నిర్ణయించుట పరుల వంతు అయినది.

1950లో పార్లమెంటు జాతుల వారీ నివాస ప్రాంతముల చట్టము చేసినది. డర్బన్ పురపాలక సంఘము ఊరకుండలేదు. ఉపసంఘమును నియమించి, ఏ జాతి ఎక్కడ ఉండవలెనో పటములు గీయించెను. 1958 ప్రకటనతో కేటో మానర్ తెల్లవారి ప్రాంతమైనది. 1960లలో వేలాది భారతీయ కుటుంబములు చాట్స్‌వర్త్‌కు తరలవలసివచ్చెను. ఇరుగుపొరుగులు చెదరిపోయిరి. ఇళ్లు కూలినవి, కొన్ని ఆలయములు మాత్రము ఖాళీ నేలల నడుమ నిలిచినవి.

ఆ అధికారము నేడు రద్దు కాలేదు. దాని యజమానులు మారిరి. 1996 రాజ్యాంగము పురపాలక ప్రణాళికను స్థానిక ప్రభుత్వముల అధికారములలో చేర్చినది. భూమి వినియోగ వర్గమును నిర్ణయించుట అందులోని భాగమేనని 2010లో రాజ్యాంగ న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2013 నాటి భూ వినియోగ చట్టము, గతములో జరిగిన అన్యాయమును సరిదిద్దుటను తన సూత్రములలో మొదట నిలిపినది.

నేడు పొరుగు స్థలములో వినియోగ మార్పు కోరు నోటీసు కనబడినప్పుడు, గడువులోగా అభ్యంతరమునైనను సమ్మతినైనను వ్రాతపూర్వకముగా తెలుపు హక్కు మనకున్నది. అట్టి నోటీసును చూడనట్లు దాటిపోవలదని మేము కోరుచున్నాము. పిల్లలను పక్కన నిలిపి చదివించండి. అందులోని ప్రతి మాటకు తెలుగులో అర్థము చెప్పండి. మన తాతలకు ఆ కాగితము మీద సంతకము చేయు హక్కు లేదని కూడ చెప్పండి.