పీహెచ్‌పీ ఫంక్షనుల పూర్వకథ

పీహెచ్‌పీ భాషలోని ఫంక్షనుల పేర్లకు ఒక నియమము లేదనియు, ఒకచోట పదములను అండర్‌స్కోరుతో విడదీసి మరియొకచోట కలిపివేసిరనియు నేర్చుకొనువారు తరచుగా విసుగుకొందురు. ఆ విసుగు సకారణమే. ఐనను ఆ యస్తవ్యస్తతకు మూలము ఆ భాష పుట్టి పెరిగిన తీరులోనే యున్నది.

1994లో రాస్మస్ లెర్డార్ఫ్, వెబ్‌లో నుంచిన తన రెజ్యూమేను ఎందరు చూచుచున్నారో తెలిసికొనుటకై సీ భాషలో కొన్ని చిన్న ప్రోగ్రాములను వ్రాసికొని, 1995 జూన్‌లో వానిని 'పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్' అను పేర నలుగురికిని పంచిపెట్టెను. నూతన భాషను నిర్మింపవలెనను సంకల్పమే ఆయనకు లేకుండెను. తొలినాళ్ళలో ఫంక్షనులు నూటికి లోపే. ఒకదాని పేరు కనబడినపుడు దానిని పట్టికలో వెదకుటకు ఆ పేరులోని యక్షరముల సంఖ్యయే ఆధారము. ఒకే నిడివి గల పేర్లు ఒక్కచోట గుమిగూడినచో వెదకులాట మందగించును గావున, వివిధమైన నిడివులకు సర్దుబాటగునట్లుగానే నాడు పేర్లను ఎన్నుకొంటినని ఆయనయే పిదప చెప్పియున్నాడు. పాఠకుడు టైపు చేసిన కోణపు గుర్తులను నిరపాయముగా మార్చి పుటపై చూపు 'హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్' అట్టిదే. ఆంగ్లలిపిలో 16 అక్షరముల ఆ పేరు, దానిని పుట్టించిన పట్టిక ఏనాడో మారిపోయినను, నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. 'స్ట్ర్‌లెన్' వంటి పొట్టిపేర్లు సీ భాషనుండి యథాతథముగా సంక్రమించినవి.

స్వంతముగా ఫంక్షనులను వ్రాసికొను వసతి 1996 నాటి పీహెచ్‌పీ/ఎఫ్ఐ సంచికతో వచ్చెను. 1998లో ఆండీ గుట్మన్స్, జీవ్ సురాస్కీ యను ఇజ్రాయెల్ విద్యార్థులు భాషను పునాదులనుండి తిరుగవ్రాసి మూడవ సంచికగా వెలువరింపగా, ఎవరైనను కొత్త ఫంక్షనుల గుంపులను చేర్చుటకు ద్వారములు తెరువబడెను. ఒక్కొక్కరు ఒక్కొక్క సంప్రదాయమును వెంటగొనివచ్చిరి. 'స్ట్ర్‌పాస్'కు ముందు వాక్యమును, పిదప వెదకవలసిన పదమును ఇయ్యవలెను. 'ఇన్ అరే'కు ముందు వెదకవలసినదానిని, పిదప పట్టికను ఇయ్యవలెను.

ఈ 'స్ట్ర్‌పాస్' ఎందరిని తికమకపెట్టెనో! అది పదమున్న స్థానమును చెప్పును. లెక్క సున్నతో మొదలగును గనుక, పదము మొట్టమొదటనే యున్నచో 0 అనియు, లేనేలేనిచో 'ఫాల్స్' అనియు బదులిచ్చును. 'ఇఫ్' పరీక్షలో ఈ రెండును ఒక్కటిగానే చెల్లుటచేత, 'ఆంధ్రదేశము'లో 'ఆంధ్ర'ను వెదకిన ప్రోగ్రాము, దొరికినదానినే దొరకలేదని పలుకును. మూడు ఈక్వల్ గుర్తులతో సరిపోల్చుట దానికి విరుగుడు.

2009లో 5.3 సంచికతో పేరులేని ఫంక్షనులును, 2015లో 7.0తో పూర్ణాంకములు, స్ట్రింగులు మొదలగు వాని రకములను ముందే ప్రకటించు పద్ధతియు వచ్చినవి. ఇన్ని మార్పులలోను పాతపేర్లను చాలవరకు తుడిచివేయకుండుట వివేకమనియే నా నిశ్చయము. ఏలయన వానిని నమ్మి వ్రాసిన దుకాణముల, పాఠశాలల, పత్రికల పుటలు ఒక్కరాత్రిలో మూగవోయెడివి. 2020లో 8.0 సంచిక, పదమున్నదో లేదో సూటిగా చెప్పు 'స్ట్ర్ కంటైన్స్'ను ప్రసాదించి, విలువలను వరుసతో పనిలేక పేరుపెట్టి యిచ్చు సౌకర్యమునుగూడ కల్పించెను. 'స్ట్ర్‌పాస్', 'ఇన్ అరే'లు మాత్రము తమ తమ పాతవరుసలలోనే పనిచేయుచున్నవి.