విదేశాల్లో మన కంపెనీలు: పలుకుబడితో తలుపు తెరుచుకుంటుంది.. మూసుకుపోయేదీ దానివల్లే! నైరోబీ, కొలంబో, మాలే ఏం చెబుతున్నాయి?

2024 నవంబర్ 21. కెన్యా అధ్యక్షుడు విలియం రూటో పార్లమెంటులో ప్రసంగిస్తున్నారు. నైరోబీ ఎయిర్‌పోర్ట్ విస్తరణ ప్రతిపాదనను, కరెంటు లైన్ల ఒప్పందాన్ని రద్దు చేయమని ఆదేశిస్తున్నట్టు ప్రకటించారు. అంతే, సభ చప్పట్లతో మారుమోగిపోయింది. ఆ రెండూ అదానీ గ్రూపువే. పెట్టుబడి పోతుంటే ఎంపీలు సంబరపడటం ఏంటి అనిపిస్తుంది కదా? అసలు కథ అక్కడే ఉంది.

అసలు చిక్కు ఎక్కడ?

సంతకాలు పడితే ఒప్పందానికి చట్టబద్ధత వస్తుంది. జనామోదం మాత్రం వేరే సంగతి. సొంత దేశంలో ప్రభుత్వానికి దగ్గర అనే పేరున్న కంపెనీ బయటికి వెళ్తే అక్కడి పెద్దలతో మాట్లాడటం సులువవుతుంది. కానీ అక్కడి సామాన్యుడికి ఒకటే అనుమానం: "ఈ కాంట్రాక్టు వాళ్ల పనితనానికి వచ్చిందా, పలుకుబడికి వచ్చిందా?" దీనికి జవాబు కాగితాల మీద కనిపించకపోతే, ప్రాజెక్టు మంచిదైనా నిలబడటం కష్టం.

నైరోబీ: రహస్యమే కొంప ముంచింది

జోమో కెన్యాట్టా విమానాశ్రయాన్ని 30 ఏళ్ల లీజుకు తీసుకుని, దాదాపు 185 కోట్ల డాలర్లతో రెండో రన్‌వే, కొత్త టెర్మినల్ కట్టాలన్నది ప్రతిపాదన. దీనికి బహిరంగ టెండర్ పిలవలేదు. కంపెనీయే స్వయంగా ప్రతిపాదన ఇచ్చింది. విషయం జనానికి తెలిసింది కూడా ప్రభుత్వం చెప్పి కాదు. 2024 జులైలో పత్రాలు సోషల్ మీడియాకెక్కడంతో బయటపడింది. న్యాయవాదుల సంఘం, మానవ హక్కుల సంఘం కోర్టుకెళ్తే సెప్టెంబర్‌లో హైకోర్టు బ్రేక్ వేసింది. ఉద్యోగాలు పోతాయన్న భయంతో ఎయిర్‌పోర్ట్ సిబ్బంది సమ్మెకు దిగారు, విమానాలు ఆగిపోయాయి.

నవంబర్ 20న అమెరికాలో గౌతమ్ అదానీ తదితరులపై లంచాల కేసులో అభియోగాలు బయటికొచ్చాయి. ఆరోపణలు నిరాధారమని గ్రూపు ఖండించింది. అయినా మరుసటి రోజే రూటో వెనక్కి తగ్గారు. ఎయిర్‌పోర్ట్ విషయంలో తాము తుది ఒప్పందమేదీ చేసుకోలేదని గ్రూపు తర్వాత వివరణ ఇచ్చింది.

శ్రీలంక: ఒక్క మాటతో మచ్చ

ఉత్తర శ్రీలంకలోని మన్నార్, పూనెరిన్‌లలో 484 మెగావాట్ల పవన విద్యుత్ ప్రాజెక్టు ఇది. 2022 జూన్‌లో అక్కడి విద్యుత్ బోర్డు ఛైర్మన్ పార్లమెంటు కమిటీ ముందు సంచలన మాట అన్నారు. ప్రాజెక్టు అదానీకి ఇవ్వాలని భారత ప్రధాని ఒత్తిడి చేస్తున్నట్టు అధ్యక్షుడు గొటబయ రాజపక్స తనతో చెప్పారన్నారు. గొటబయ ఖండించారు. ఛైర్మన్ మాట వెనక్కి తీసుకుని రాజీనామా చేశారు. కానీ అన్న మాట ఊరికే పోతుందా? అదే నెలలో పోటీ బిడ్డింగ్ నిబంధనలను సడలిస్తూ విద్యుత్ చట్టాన్ని సవరించడంతో అనుమానం ఇంకా బలపడింది.

2024 మేలో యూనిట్‌కు 8.26 అమెరికన్ సెంట్ల ధర ఖరారైంది. ఎక్కువన్న విమర్శలు వచ్చాయి. మన్నార్ వలస పక్షులకు ముప్పంటూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. అనుర కుమార దిసనాయకే అధ్యక్షుడయ్యాక ప్రభుత్వం ఆ ధరను పక్కనపెట్టింది. 2025 ఫిబ్రవరిలో అదానీ గ్రీన్ తానే తప్పుకుంది.

మాలే: టెండర్ గెలిచినా తప్పలేదు, కానీ..

ఇది తెలుగువాళ్లకు దగ్గరి కథ. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కట్టిన జీఎంఆర్, మలేషియా భాగస్వామితో కలిసి 2010లో మాలే విమానాశ్రయం కాంట్రాక్టు దక్కించుకుంది. గడువు 25 ఏళ్లు. ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ ఐఎఫ్‌సీ సలహాదారుగా టెండర్ నడిచింది. కానీ అధ్యక్షుడు నషీద్ హయాంలో వచ్చింది కాబట్టి, ప్రతిపక్షాల దృష్టిలో అది నషీద్ కాంట్రాక్టు, ఇండియా కాంట్రాక్టు. ప్రయాణికుడి నుంచి 25 డాలర్ల అభివృద్ధి ఛార్జీ వసూలు చేయడం కుదరదని 2011 చివర్లో కోర్టు తేల్చింది. 2012 ఫిబ్రవరిలో నషీద్ పదవి పోయింది. నవంబర్‌లో కొత్త ప్రభుత్వం ఒప్పందమే చెల్లదని ప్రకటించి, డిసెంబర్‌లో ఎయిర్‌పోర్ట్‌ను వెనక్కి తీసుకుంది.

తేడా ఇక్కడే ఉంది. ఒప్పందం చెల్లుతుందని 2014లో ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ తేల్చింది. 2016లో దాదాపు 27 కోట్ల డాలర్ల పరిహారం ఖరారైంది. మాల్దీవులు ఆ డబ్బు కట్టాల్సి వచ్చింది. అంటే పద్ధతి ప్రకారం గెలిచిన కాంట్రాక్టు రాజకీయ గాలికి కూలినా, కంపెనీకి ఎంతోకొంత రక్షణ దొరికింది.

అన్నీ కూలలేదు

కొలంబో పోర్టులో వెస్ట్ కంటైనర్ టెర్మినల్ 2025 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టింది. ఇందులో అదానీ వాటా 51 శాతం. మిగతాది స్థానిక కంపెనీ జాన్ కీల్స్‌ది, శ్రీలంక పోర్ట్స్ అథారిటీది. అంతకుముందు ఈస్ట్ టెర్మినల్‌ను భారత్, జపాన్‌లతో కలిసి కట్టాలన్న ఒప్పందాన్ని కార్మిక సంఘాల నిరసనతో 2021లో రద్దు చేశారు. వెస్ట్ టెర్మినల్‌లో లాభనష్టాలు పంచుకునే వాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు. "బయటోడికి అమ్మేశారు" అన్న మాట అంత తేలిగ్గా అతకదు.

ఇంకో ఒప్పందం వార్త వచ్చినప్పుడు ఏం చూడాలి?

* బహిరంగ టెండర్ పిలిచారా, లేక నేరుగా అప్పగించారా?
* ధర, గడువు, షరతులు జనం ముందు పెట్టారా?
* స్థానిక భాగస్వామి ఉన్నారా? ఉద్యోగుల సంగతేంటి?
* అక్కడి ప్రతిపక్షం ఏమంటోంది? రేపు అధికారంలోకి వచ్చేది వాళ్లే కావచ్చు.
* వివాదం వస్తే ఆర్బిట్రేషన్ ఎక్కడ?

ఇదేదో పెద్ద కంపెనీల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. ఇలాంటి కంపెనీల షేర్లలో మ్యూచువల్ ఫండ్ల ద్వారా సామాన్యుల పొదుపు కూడా ఉంటుంది. ఒప్పందం కూలితే ఆ దెబ్బ షేర్‌హోల్డర్లకూ తగులుతుంది. కంపెనీ పేరు పోతే వెంట దేశం పేరూ పోతుంది. పొరుగు దేశంలో ప్రభుత్వం మారొచ్చు, స్నేహాలు మారొచ్చు. ఆ రోజు నిలబెట్టేది పలుకుబడి కాదు, అందరి ముందు గెలిచిన కాగితమే.