రాగిరేకుపై అక్షరము

తెలుగు వాఙ్మయచరిత్రను ముచ్చటించునపుడు తాటాకును గంటమును తలచుట పరిపాటి. ఆ కీర్తిలో రాగికి రావలసిన పాలు ఇంకను పూర్తిగా ముట్టలేదు. తాటాకు పురుగునకు, తేమకు, మంటకు లొంగిపోవును. అందలి గ్రంథము బ్రదుకవలెనన్న తరతరమునను ఎవరో ఒకరు తిరిగి వ్రాయవలసినదే. రాగిరేకునకు ఆ అక్కర లేదు.

దీనికి కారణము ఆ లోహగుణమే. రాగి ఇనుమువలె తుప్పుపట్టి పొరలుపొరలుగా రాలిపోదు. తేమగాలికి పైన నెమ్మదిగా ఏర్పడు పచ్చని చిలుము లోని లోహమును చాలవరకు కాచును. తగరము కలిసి కంచైనప్పుడది గట్టిపడి, పోతకును మ్రోతకును తగినదగును. కలుపులేని రాగి మాత్రము మెత్తనిది; సుత్తిదెబ్బకు రేకై సాగును, ఉలిమొనకు లొంగును. గంటకు కంచును, అక్షరమునకు రాగిని మన పూర్వులు ఎన్నుకొనుటలోని మర్మమిదే.

భూదానమును వస్త్రముపైగాని రాగిరేకుపైగాని వ్రాయించి రాజు తన ముద్ర వేయింపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. వేంగీచాళుక్యుల శాసనములలో ఆ పద్ధతి కన్నులకు కట్టును. రేకులకు రంధ్రముచేసి కడియము దూర్చి, దాని కొనలను ముద్రలో బిగించిరి. ముద్రపై వరాహలాంఛనమును, 'త్రిభువనాంకుశ' అను బిరుదమును కానవచ్చును. రాజరాజనరేంద్రుడు 1053లో నారాయణభట్టునకిచ్చిన నందంపూడి శాసనము ఈ కోవలోనిదే. నారాయణభట్టు సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచి, ఆంధ్రభాషలలో కవియని అది పొగడుచున్నది. భారతరచనలో నన్నయకు తోడ్పడినవాడితడే. శాసనమును రచించినది నన్నయభట్టు, లేఖకుడు గండాచార్యుడు. ఆదికవి పేరుతోపాటు లేఖకుని పేరును రాగి నేటికిని మోయుచున్నది.

అయితే శాసనమును కాపాడుటకు దానమందినవానికి స్వార్థము కలదు. రేకు పోయినచో భూమిహక్కునకు సాక్ష్యము పోవును. పాటకు అట్టి రక్షకుడెవడు? పైగా రాగికి వెల కలదు. చెదపురుగు తినలేని రేకును కంసాలి మూస ఒక్క పూటలో మ్రింగగలదు. ఇది తెలిసియు తాళ్లపాక పెదతిరుమలాచార్యుడు తన తండ్రి అన్నమాచార్యుని (1408-1503) సంకీర్తనములను వేలకొలది రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయమందలి భాండారమున భద్రపరచెను. అన్నమయ్య ముప్పదిరెండువేల సంకీర్తనములు రచించెనని ప్రతీతి. నేడు దొరకినవి సుమారు పదునాలుగువేలు.

ఆ రేకులను లోకము బొత్తిగా ఎరుగకపోలేదు. 1816లో తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున ప్రకటించిన ఏ. డి. క్యాంబెల్, తిరుపతి కొండపై వేలకొలది రాగిరేకులు కలవని విని వానిని పరీక్షింప ఒకరిని పంపెను. ఒక లక్షణగ్రంథమునకు మాత్రము ప్రతి వ్రాయించుకొని, తక్కినవన్నియు దైవస్తుతులేయని తన పీఠికలో తేల్చివేసెను. ఆయన వెదకినది వ్యాకరణము. చేతికందినది తెలుగు పదకవిత. వెదకనిది కంట బడినను గుర్తింపబడలేదు. ఆ పాటలు మరల నూరేండ్లకు పైగా చీకటిలో నుండెను.

ఇరువదవ శతాబ్దమున వేటూరి ప్రభాకరశాస్త్రి మొదలగు పండితులు ఆ రేకులలోని పాటలను పరిష్కరించి అచ్చునకెక్కించిరి. అపుడు మరియొక లోటు తెలిసివచ్చెను. పాటకు ముందు రాగనామము చెక్కబడియున్నది గాని, నాటి బాణీ అందు లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ కొన్నింటికి క్రొత్తగా స్వరరచన చేయవలసివచ్చెను. రాగము పేరును నిలిపిన రాగి గొంతును నిలుపజాలకపోయినది.

తాళ్లపాకవారి రేకులు చెడక నిలిచినది లోహబలముచేతనే. అవి వాఙ్మయమైనది మాత్రము చదివినవారిచేతను, పాడినవారిచేతను. నాలుగువందల యేండ్లు పాటను మోసిన రాగికి, దానిని చదువగల కన్ను దొరకుటయే ఆలస్యమైనది.