హస్పతాల్ నీలి సిలిండరు కారు డిక్కీలోకి ఎట్లా వచ్చింది

"మామూ, సస్తేవాలా నైట్రస్ కిట్ కౌన్సా లేనా?" అని మా భాంజా అడిగితే, పక్కనే ఉన్న మా ఆపా అదేదో ఏసీ గ్యాస్ సంగతి అనుకుంది. ఎండాకాలం వస్తోంది కదా, కారు చల్లగా ఉంటుందిలే అని ఖుష్ అయింది. వెలిగండ్లలో వాళ్లింటి ముందు నిలబెట్టి ఉన్నది పాత మారుతి 800. బెంగళూరులో పనిచేసి కూడబెట్టిన పైసలతో కొన్నాడు. వెడల్పు టైర్లు, వీధంతా వినపడే సైలెన్సర్ అప్పటికే పడ్డాయి. ఇక మిగిలింది కుర్రాళ్లు 'నాస్' అని పిలిచే ఆ సీసా ఒక్కటే.

ఈ షౌక్ మా భాంజా ఒక్కడిదే కాదు. మోటారు పనిలో మనవాళ్ల హునర్ ఎవరికీ తక్కువ కాదు, ఏ ఊరి షెడ్డుకు పోయినా స్పానరు పట్టుకున్న ఒక ఉస్తాద్ కనపడతాడు. ఆ షెడ్ల చుట్టూ తిరిగే పిల్లలకు ఈ కోరిక పుట్టడంలో వింత లేదు. నేను అఖ్బార్ మనిషిని కాబట్టి వాడి సవాలును తారీఖ్ వైపు నుంచి పట్టుకున్నాను. ఏది సస్తా, ఏది మహంగా అన్నదానికి సగం జవాబు ఈ గ్యాస్ తారీఖ్‌లోనే ఉంది.

ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డవాళ్లు రెండు రంగుల సిలిండర్లు చూసే ఉంటారు. నల్ల ఒళ్లు, తెల్ల మెడ ఉన్నది ఆక్సిజన్. నీలంది నైట్రస్ ఆక్సైడ్. రేసు కార్లలో వాడేదీ ఈ నైట్రస్ ఆక్సైడే. 1772లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ దీన్ని మొదటిసారి తయారు చేశాడు. 1799లో బ్రిస్టల్‌లో హంఫ్రీ డేవీ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు దాన్ని తానే పీల్చి, దోస్తులతో పీల్పించి, నవ్వులు నవ్వి, 1800లో పెద్ద కితాబు రాశాడు. ఈ గ్యాస్ నొప్పిని తగ్గిస్తున్నట్టుంది, సర్జరీలో పనికిరావచ్చు అని అందులో ఒక మాట వదిలాడు. ఆ మాటను నలభై ఏళ్లకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. హంసానేవాలీ గ్యాస్ అని టికెట్లు పెట్టి తమాషాలు మాత్రం నడిపారు.

1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఊళ్లో అలాంటి తమాషా ఒకటి జరిగింది. గ్యాస్ పీల్చిన ఒకతను గంతులేస్తూ కాలికి గాయం చేసుకున్నాడు, కానీ నొప్పి తెలియలేదు. చూస్తున్న జనంలో హోరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు ఉన్నాడు. మర్నాడే గ్యాస్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. ఆ వచ్చే జనవరిలో బోస్టన్ డాక్టర్ల ముందు చేసి చూపిద్దామని పోతే, గ్యాస్ చాలినంత అందక పేషెంటు అరిచాడు. అందరూ ధోకా అని ఎగతాళి చేశారు. వెల్స్ ఆ జిల్లత్ నుంచి కోలుకోలేదు. తర్వాత క్లోరోఫామ్‌కు అలవాటు పడి, 1848లో న్యూయార్క్ జైల్లో ఖుద్‌కుషీ చేసుకున్నాడు. గ్యాస్ అదే, మనిషి అదే. తేడా కొలత దగ్గర వచ్చింది. కారు సంగతికి వచ్చేసరికి ఈ కొలత మాట మళ్లీ వస్తుంది.

వెల్స్‌ను చంపిన ఆ క్లోరోఫామ్ దగ్గర హైదరాబాద్ కూడా ఈ తారీఖ్‌లోకి వస్తుంది. 1846లో అక్కడ పెట్టిన మెడికల్ స్కూల్లో మొదట్లో డాక్టరీ పాఠాలు ఉర్దూలోనే చెప్పేవారు. ఉర్దూ మీడియంలో చదివిన నాలాంటివాడికి ఈ సంగతి చెప్పుకోవడం కొంచెం ఫఖ్ర్. 1880లలో ఆ స్కూలును నడిపిన ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫామ్ గుండెను ఆపదు, ఊపిరిని ఆపుతుంది, కాబట్టి నాడి చూడొద్దు, ఊపిరి చూడండి అని వాదించాడు. అది తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సర్కారు 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లకు ఖర్చు పెట్టుకుంది. రెండోదానికి లండన్ నుంచి ఒక నిపుణుణ్ణి రప్పించడానికి నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. వందల జంతువుల మీద పరీక్షలు చేసి, లారీ మాటే నిజమని తేల్చారు. దునియా అంతా ఆ రిపోర్టు చదివింది. 1911లో ఎ.జి. లెవీ పరిశోధన బయటికొచ్చాక తెలిసింది ఏమంటే, క్లోరోఫామ్ గుండెను కూడా ఆపగలదు, అదీ మత్తు తక్కువగా ఉన్నప్పుడు. అంత డబ్బు, అంత మెహనత్ పెట్టి ఒకే ముల్లును చూస్తూ కూచున్నారు, దెబ్బ ఇంకోవైపు నుంచి వచ్చింది.

హస్పతాల్ గ్యాస్ ఇంజనులోకి పోయింది రెండో ప్రపంచ యుద్ధంలో. విమానం పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజనుకు దమ్ము అందదు. జర్మన్లు నైట్రస్ ఆక్సైడ్‌ను ద్రవంగా ట్యాంకులో మోసుకుపోయి, పైన ఇంజనులోకి వదిలారు. దానికి జీఎం-1 అని పేరు. గోరింగ్ మిశ్రమం అని అర్థం. కిటుకు ఏమంటే, గాలి బరువులో ఆక్సిజన్ 23 శాతమే, నైట్రస్ ఆక్సైడ్ బరువులో 36 శాతం. సుమారు 300 డిగ్రీల వేడి దాటితే ఆ గ్యాస్ విడిపోయి ఆక్సిజన్‌ను వదిలేస్తుంది. పైగా ద్రవం మైనస్ 88 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి, లోపలికొచ్చే గాలిని చల్లబరిచి చిక్కగా చేస్తుంది. మా ఆపా ఏసీ అనుకోవడంలో కొంత నిజం లేకపోలేదు! బ్రిటిష్ వాళ్లు కూడా 1944లో కొన్ని మస్కిటో విమానాలకు ఇది పెట్టారు. అయితే ఆ ట్యాంకు బరువు కింద ఎగిరేటప్పుడంతా దండగే. పైన కొన్ని నిమిషాల జోరు కోసం మిగతా దారంతా మోయాలి. జంగ్‌లో ప్రాణానికి ప్రాణం లెక్క కాబట్టి చెల్లింది.

యుద్ధం అయ్యాక ఈ విద్య రేసు కార్లకు చేరింది, మొదట దొంగచాటుగానే. 1976లో డేటోనా 500 క్వాలిఫయింగ్‌లో ఎ.జె. ఫోయిట్, డారెల్ వాల్ట్రిప్ అంత పెద్ద డ్రైవర్ల టైమ్‌లు నైట్రస్ వాడారని కొట్టేశారు. రెండేళ్లకే, 1978లో, కాలిఫోర్నియాలో నైట్రస్ ఆక్సైడ్ సిస్టమ్స్ అనే కంపెనీ లేచి, దాన్ని డబ్బాలో పెట్టి ఖుల్లంఖుల్లా అమ్మింది. 'నాస్' అన్న పేరు ఆ కంపెనీ పొడి అక్షరాలే. 2001లో ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమా వచ్చి, బటన్ నొక్కితే కారు ఎగిరిపోతుందన్న ఖ్వాబ్‌ను మన ఊళ్ల దాకా మోసుకొచ్చింది.

ఇక అసల్ బాత్, కిట్. సీసా, దాని వాల్వు, గొట్టం, కరెంటుతో తెరుచుకునే సోలినాయిడ్, నాజిల్, ఆ నాజిల్‌లో కూచునే జెట్ అనే ఇత్తడి ముక్క. జెట్‌కు ఉన్న సన్నని బెజ్జమే ఎంత గ్యాస్ పోవాలో తేలుస్తుంది. వెల్స్‌ను ముంచిన కొలత ఇక్కడ ఇదే. కిట్లలో డ్రై అంటే గ్యాస్ ఒక్కటే పోతుంది, దానికి తగ్గ అదనపు పెట్రోలు కారు కంప్యూటరు, ఇంజెక్టర్లు ఇవ్వాలి. వెట్ అంటే గ్యాస్, పెట్రోలు రెండూ కిట్టే ఇస్తుంది. ఒక్కో సిలిండరుకు ఒక్కో నాజిల్ పెట్టే డైరెక్ట్ పోర్ట్ కూడా ఉంది, అది రేసు జట్ల పని. డ్రై ఖరీదు తక్కువ, కానీ కంప్యూటరుకు ఈ గ్యాస్ సంగతి ముందే నేర్పి ఉంచాలి. కార్బ్యురేటర్ బండికైతే అది కుదరదు, వెట్టే పెట్టాలి. అమెరికాలో ఒక మామూలు వెట్ కిట్ కొన్ని వందల డాలర్లకు దొరుకుతుంది. కుర్రాళ్లు చూసి మురిసేది ఆ అంకె.

ఆ అంకెలో లేనివి చూడండి. ఆక్సిజన్ పెరిగి పెట్రోలు చాలకపోతే మంట తెల్లబడి, పిస్టన్ అంచు కరుగుతుంది. అది కనిపెట్టడానికి వైడ్‌బ్యాండ్ గేజ్ కావాలి. పెట్రోలు ఒత్తిడి పడిపోతే గ్యాస్‌ను ఆపే స్విచ్ కావాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే పనిచేసే స్విచ్ ఇంకొకటి. ఒక మెట్టు చల్లని స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ టైమింగ్ కొంచెం వెనక్కి. ఇవి వదిలేసి సీసా, నాజిల్ మాత్రం కొంటే, హైదరాబాద్ కమిషన్‌లా ఒక ముల్లు కూడా చూడకుండా బటన్ నొక్కినట్టే. చిన్న ఇంజన్లకు సాధారణంగా 25 నుంచి 35 హార్స్‌పవర్ జెట్లు చెబుతారు. మారుతి 800 మొత్తం తాకత్తే 37 హార్స్‌పవర్ చుట్టూ ఉంటుంది, మూడు సిలిండర్లు, 796 సీసీ. అతి చిన్న జెట్ పెట్టినా ఒక్క నొక్కుకు మూడింట రెండు వంతుల తాకత్ అదనం. క్లచ్, గేర్‌బాక్స్, బ్రేకులు మాత్రం 37కు కొలిచి చేసినవే. ఇరవై ఏళ్ల బండికి అది ఇమ్తిహాన్ కాదు, సజా.

వెలిగండ్లకు ప్రత్యేకంగా వర్తించే ముచ్చట ఇంకొకటి ఉంది. నైట్రస్ ఆక్సైడ్‌కు 36.4 డిగ్రీలు ఒక హద్దు. ఆ వేడి దాటితే సీసాలో ద్రవం, ఆవిరి అన్న తేడా ఉండదు. 20 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి సుమారు 50 బార్, హద్దు దగ్గర 72 బార్. అది దాటాక సీసా ఎంత నిండి ఉందన్నదాన్ని బట్టి ఒత్తిడి ఇంకా ఎగబాకుతుంది. కిట్ కంపెనీలు తమ జెట్లను కొలిచేది సుమారు 62 నుంచి 69 బార్ మధ్య. అందుకే చలి దేశాల్లో సీసాకు కరెంటు హీటర్ కూడా అమ్ముతారు. మన పశ్చిమ ప్రకాశంలో మే నెలలో నీడలోనే 40 దాటుతుంది, ఎండలో నిలబెట్టిన కారు డిక్కీ సంగతి చెప్పక్కర్లేదు. ఒత్తిడి పెరిగితే అదే జెట్‌లోంచి గ్యాస్ ఎక్కువ పోతుంది, పెట్రోలు మాత్రం అంతే ఉంటుంది. అంటే జనవరిలో సరిగ్గా కొలిచి బిగించిన కిట్టే ఏప్రిల్‌లో పిస్టన్‌ను కాలుస్తుంది. ఒత్తిడి మరీ పెరిగితే పగిలి గ్యాస్‌ను వదిలే పల్చటి రేకు ఒకటి వాల్వు దగ్గర ఉంటుంది. అది డిక్కీలో పగిలితే గ్యాస్ బండి బయటికి పోయేలా గొట్టం వేయాలి. సస్తా కిట్లలో ఆ గొట్టం ఉండదు. ఇంకొక ఖతరా మన షెడ్లలోనే ఉంది. ఈ గ్యాస్ తాను మండదు, మండేదాన్ని రెచ్చగొడుతుంది. గ్రీజు చేతులతో దాని వాల్వు, గొట్టాల జోడింపులు ముట్టుకోకూడదు. ఉస్తాద్‌లకు ఈ మాట నచ్చదు, అయినా చెప్పాలి.

సీసా కొన్నాక నింపడం ఎక్కడ? ఇది కిట్ ధరకంటే పెద్ద సవాలు. 2016 గ్యాస్ సిలిండర్ రూల్స్ ప్రకారం నాగపూర్‌లోని పెసో మంజూరు చేయని రకం సిలిండరును తెప్పించుకోవడం, దగ్గర పెట్టుకోవడం, నింపడం అన్నీ నిషేధమే. పార్సిల్‌లో తెప్పించుకున్న అందమైన నీలి సీసాకు ఇక్కడ సరైన దారిలో గ్యాస్ దొరకదు. హస్పతాల్ సిలిండరు మందు కింద లెక్క, డాక్టర్ల కోసం వచ్చేది. పైగా నిలబెడితే ఆవిరే ఇస్తుంది, ద్రవం ఇవ్వదు. రేసు సీసాలో అడుగు దాకా పోయే గొట్టం ఉంటుంది, దీంట్లో ఉండదు. సెకండ్ హ్యాండ్ సీసా చూపించేవాళ్లూ ఉంటారు. దాని మెడ మీద చెక్కిన పరీక్ష తారీఖు చదవండి, ఐదేళ్లకొకసారి నీటి ఒత్తిడి పరీక్ష జరగాలి. అమ్మలకు ఒక మాట. రేసు గ్యాస్‌లో పీల్చకుండా ఉండటానికి సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు. హస్పతాల్ గ్యాస్‌లో అది ఉండదు. సరదాకు పదే పదే పీల్చితే ఒంట్లో బీ-12 పనిచేయక కాళ్ల నరాలు దెబ్బతింటాయి. ఇంట్లో అలాంటి సీసా కనపడితే ఏసీ గ్యాసులే అని ఊరుకోవద్దు.

ఇక కానూన్. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ కింద బండి యజమానికి ఆరు నెలల దాకా కైద్, లేదా ఒక్కో మార్పుకు 5000 జుర్మానా, లేదా రెండూ పడొచ్చు. యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ ముందు పట్టుకునేది దీన్నే. కనిగిరి పోయే రోడ్డు మీద మేకలుంటాయి, ఆటోల్లో బడి పిల్లలుంటారు. అక్కడ ఎవరికైనా తగిలితే మా ఆపా ఇల్లు అమ్మినా ఆ లెక్క తీరదు.

రేసు నడపాలనే ఉంటే దానికి జాగా ఉంది, దానికీ తారీఖ్ ఉంది. మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఒకటి ఉండేది. జర్మన్లు విమానాల్లో నైట్రస్ మోసిన కాలంలోనే వేసిన ఆ రన్‌వే మీద 1950ల నుంచి మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ రేసులు పెట్టింది. మన తెలుగు జిల్లాల పక్కనే. 1990 నుంచి శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ ఉంది. అక్కడ పోటీలో దిగే ముందు బండిని విప్పి చూస్తారు, హెల్మెట్ చూస్తారు, అంబులెన్స్ నిలబెడతారు. భాంజాకు ఆ దారి చెప్పాను. మొదటిసారి పోయేటప్పుడు కిట్ వద్దు, కొత్త బ్రేకులు, మంచి టైర్లు, ఇంజన్ కంప్రెషన్ పరీక్ష చాలన్నాను. కంప్రెషన్ చూపించడానికి కనిగిరి షెడ్డుకు తీసుకుపోతే మూడు సిలిండర్లలో ఒకటి తక్కువ చూపించింది. రింగులు అరిగాయన్నాడు ఉస్తాద్. కిట్ కోసం దాచిన పైసల్లో కొన్ని ఇప్పుడు ఆ రింగులకు పోతున్నాయి.